గోదావరి నీళ్ళలో మెత్తన, బోరు నీళ్ళలో అట్ట: మా పాప గుడ్డ డైపర్లతో నా అనుభవం

మా పాప పుట్టిన పదో రోజు సాయంత్రం అమ్మ దండెం మీంచి గుడ్డలు తీస్తూ లెక్కపెట్టింది. గోచీలు, పొత్తిగుడ్డలు, పక్క గుడ్డలు అన్నీ కలిపి ముప్ఫై నాలుగు. వాటిని చేతుల నిండా పట్టుకుని లోపలికి వస్తూ "ఇంక బెంగ పెట్టుకోకమ్మా, పిల్లకి పాలు బాగానే సరిపోతున్నాయి" అంది. ఆ మాట కోసం నేను వారం రోజులుగా ఎదురుచూస్తున్నాను.

కాస్త ముందు నుంచి చెప్తాను. 2022 జనవరి ఆఖర్లో నాకు పురుడు వచ్చింది. పుట్టిల్లు కోనసీమలో, అమలాపురం దగ్గర. ఆపరేషన్ అయింది. ఆస్పత్రిలో ఉన్నన్ని రోజులూ పాపకి డిస్పోజబుల్ డైపర్లే వేశారు. ఇంటికి వచ్చాక కూడా అవే వేశాం. నాకు పాలు సరిగ్గా పడలేదేమోనని ఒకటే టెన్షన్. పాప రొమ్ము పట్టుకోగానే నిద్రపోయేది, పది నిమిషాలకే లేచి ఏడ్చేది. పిల్లల డాక్టరు గారికి ఫోన్ చేస్తే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "రోజుకు ఎన్నిసార్లు ఉచ్చ పోస్తోందమ్మా?"

నేను చెప్పలేకపోయాను. డిస్పోజబుల్ డైపర్ లోపల ఉండే పొడి తడిని పీల్చుకుని జెల్‌లా మారిపోతుంది. పైన పొడిగానే ఉంటుంది. మధ్యలో గీత రంగు మారితే తడిసిందని తెలుస్తుంది, ఒకసారి తడిసిందో మూడుసార్లు తడిసిందో తెలియదు. ఐదారు రోజులు నిండాక రోజుకు కనీసం ఆరుసార్లు పోస్తే పాలు అందుతున్నట్టే అని ఆవిడ చెప్పారు. ఫోన్ పెట్టేయగానే అమ్మ డైపర్ ఊడదీసి, మెత్తటి గుడ్డ కట్టి, పక్కన గోడ క్యాలెండర్ మీద పెన్సిల్‌తో గీతలు పెట్టడం మొదలుపెట్టింది. తడిసిన ప్రతిసారీ ఒక గీత. మొదటి గుడ్డ మీదే ఇటుకపొడి రంగులో చిన్న మరక కనిపించింది. రక్తమేమోనని నాకు వణుకు పుట్టింది. మొదటి రోజుల్లో ఉచ్చ చిక్కగా ఉన్నప్పుడు అలాంటి రంగు మామూలేనని, పాలు పెరిగే కొద్దీ పోతుందని, పోకపోతే తీసుకురమ్మని డాక్టరు గారు చెప్పారు. మర్నాటికి పోయింది. ఆరో రోజుకి గీతలు తొమ్మిది.

నేను గుడ్డ వైపు తిరిగింది ఆ గీతల వల్లే. పర్యావరణం, డబ్బు, చర్మం ఇవన్నీ తర్వాత తెలిసిన సంగతులు. నా బిడ్డ ఒంట్లో ఏం జరుగుతోందో నాకు తెలియాలి. తడి గుడ్డ ఆ కబురు చెప్పింది.

మా అమ్మమ్మకి ఎనభై దాటాయి. పురిటి గుడ్డల బాధ్యత ఆవిడదే. బారసాల అయ్యేదాకా పిల్లకి కొత్త గుడ్డ వేయకూడదని మా ఇంట్లో పట్టింపు. అందుకని తాతయ్య పాత పంచెలు ముందే తీసి, ఉతికి, చదరాలుగా చింపి ఉంచింది. కత్తెర వాడలేదు, అంచు దగ్గర పంటితో కొరికి ఒక్క లాగుతో చింపేది. ఏళ్ళ తరబడి ఉతికిన పంచె ఎంత మెత్తగా ఉంటుందో చేత్తో తాకితేగానీ తెలియదు. కొత్త గుడ్డకి గంజి ఉంటుంది, బిరుసు ఉంటుంది, నీళ్ళు చప్పున పీల్చదు. పాత పంచెలో అవేమీ ఉండవు. పట్టింపు సంగతి ఎలా ఉన్నా, చంటిపిల్ల ఒంటికి పాత గుడ్డ మంచిదన్నది మాత్రం నేను కళ్ళారా చూశాను.

కట్టడం కూడా అమ్మమ్మే నేర్పింది. చదరాన్ని మూల నుంచి మూలకు మడిస్తే ముక్కోణం వస్తుంది. పొడవు అంచు నడుం కింద, మొన కాళ్ళ వైపు. ఇంకో చిన్న గుడ్డని నాలుగు మడతలు పెట్టి మధ్యలో పరిచి, మొనని కాళ్ళ మధ్య నుంచి పైకి తెచ్చి, రెండు చెవుల్నీ దాని మీదకు లాగి పక్కన వదులుగా ముడి వేయాలి. బొడ్డు ఊడేదాకా ముడి బొడ్డుకి కిందే ఉండాలి, గుడ్డ దాన్ని ఒరుసుకోకూడదు. బారసాల నాడు మొలతాడు కట్టాక పని ఇంకా తేలికైంది. పొడవాటి గుడ్డ పేలికని ముందూ వెనకా మొలతాడులో దోపితే చాలు, ముడి కూడా అక్కర్లేదు. మూడు సెకన్లలో మార్చేసేది అమ్మమ్మ. నాకు పది రోజులు పట్టింది ఆ చేయి రావడానికి.

ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ అలా హాయిగా గడిచిపోయాయి. మా ఊళ్ళో కుళాయికి వచ్చేవి గోదావరి కాలవ నీళ్ళే, శుద్ధి చేసి వదులుతారు. కొంచెం సబ్బు రుద్దితే బకెట్ నిండా నురగ. రెండుసార్లు జాడిస్తే ఆ నురగ పోయేది. తల్లిపాలు మాత్రమే తాగే పిల్ల దొడ్డికి వెళ్ళింది నీళ్ళలో కరిగిపోతుంది. పసుపు మరక ఉంటే తడిగా ఉన్నప్పుడే ఎండలో పరిస్తే మధ్యాహ్నానికి మాయం. నేనైతే మొదట నమ్మలేదు. అమ్మ ఒక గుడ్డని సగం నీడలో సగం ఎండలో ఆరేసి చూపించింది. సాయంత్రానికి నీడలో ఉన్న సగం లేత పసుపు, ఎండలో ఉన్న సగం తెలుపు.

ఒక విషయం మాత్రం చెప్పాలి. ఆ మూడు నెలలూ గుడ్డలు ఉతికింది అమ్మ. నేను కుట్లతో వంగలేను. రోజూ పొద్దున, సాయంత్రం రెండు బకెట్లు. వెనకటి రోజుల్లో పురిటి గుడ్డలు ఊరి చాకలి ఆవిడే పట్టుకెళ్ళి ఉతికి తెచ్చేదట. అమ్మ పుట్టినప్పుడు వచ్చినావిడ పేరు అమ్మమ్మకి ఇంకా గుర్తు. పండక్కి బియ్యం, చీర పెట్టేవాళ్ళం అంటుంది. ఆవిడ చేసిన పనికి అది ఏ మూలకి సరిపోతుంది? "పూర్వం అందరూ గుడ్డలే వాడారు కదా, ఏం కష్టం" అని ఎవరైనా అంటే నాకు మనసులో ఆ పేరే మెదులుతుంది. పూర్వం కూడా ఎవరో ఒకరి చేతులు నీళ్ళలో నానాయి.

ఐదో నెలలో, ఆషాఢం రాకముందే హైదరాబాద్ రావాలని అనుకున్నాం. ప్రయాణానికి, అపార్ట్‌మెంట్‌లో ఉండటానికి ముడి గోచీలు కుదరవని, ఆన్‌లైన్‌లో ఇప్పటి రకం గుడ్డ డైపర్లు పన్నెండు కొన్నాను. ఒక్కోటి దాదాపు 500 రూపాయలు. పైన కవర్ ఉంటుంది, లోపల వైపు పాలీయురెథేన్ పూత ఉండటంతో తడి బయటికి రాదు, గాలి కొంత ఆడుతుంది. నడుం దగ్గర, ముందు భాగంలో టిచ్ బటన్ల వరసలుంటాయి. పిల్ల పెరిగే కొద్దీ బటన్లు మార్చుకుంటూ పోతే అదే డైపర్ ఐదు కిలోల నుంచి నడిచే వయసు దాకా సరిపోతుంది. లోపల పీల్చుకునే ప్యాడ్లు వేరే. నేను తీసుకున్నవాటిలో సగం నూలువి, సగం మైక్రోఫైబర్‌వి. మైక్రోఫైబర్ చప్పున పీల్చుకుంటుంది, కానీ స్పాంజిలాంటిది. పిల్ల కూర్చుంటే ఆ ఒత్తిడికి మళ్ళీ కక్కేస్తుంది. పైగా చర్మంలోని తేమని కూడా లాగేస్తుంది కాబట్టి నేరుగా ఒంటికి తగలనివ్వకూడదు, పైన ఇంకో పొర ఉండాల్సిందే. మళ్ళీ కొనాల్సి వస్తే మొత్తం నూలువే కొంటాను.

డబ్బు లెక్క కూడా అప్పుడే వేశాం. రోజుకు ఐదు డిస్పోజబుల్స్, ఒక్కోటి పది రూపాయలు అనుకున్నా నెలకు 1500, రెండేళ్ళకు 36,000. మాకు డైపర్లు, అదనపు ప్యాడ్లు, తడి గుడ్డలు పెట్టే సంచీ, అన్నీ కలిపి 9,000 లోపు అయింది. కరెంటు, సబ్బు పొడి ఖర్చు వేరే.

కొత్త ప్యాడ్లని వాడే ముందు ఐదారుసార్లు ఉతకమని పెట్టె మీదే రాసి ఉంది. నూలులో సహజంగా ఉండే జిడ్డు పోతేనే పూర్తిగా పీల్చుకుంటుందట. తాతయ్య పంచెకి నలభై ఏళ్ళలో జరిగింది దీనికి ఐదు ఉతుకుల్లో జరగాలి. అమ్మ ఎండలో మూడు రోజులు వరసగా ఉతికి ఆరేసింది. ప్రతి ఉతుకుకీ ప్యాడ్ కొంచెం ఉబ్బి, మెత్తబడి, కొంచెం పొట్టిది కావడం కనిపించింది.

హైదరాబాద్ వచ్చాం. మాది మియాపూర్ వైపు అపార్ట్‌మెంట్. వాడకానికి బోరు నీళ్ళు, తాగడానికి, వంటకి రోజు విడిచి రోజు కుళాయికి వచ్చే మంజీరా నది నీళ్ళు. మొదటి రెండు వారాలు ఏమీ తెలియలేదు. మూడో వారం నుంచి ప్యాడ్లు ఆరాక అప్పడాల్లా బిరుసెక్కాయి. మధ్యకి మడిస్తే మడత అలాగే నిలబడేది. నెల తిరిగేసరికి డైపర్ వేసిన గంటకే తొడల పక్క నుంచి కారిపోయేది. పొద్దున గుడ్డల బకెట్ మూత తీస్తే కళ్ళు మండేంత ఘాటు. జూలై మధ్యలో పాపకి పిర్రల మీద ఎర్రగా ఒరిసిపోయింది. స్నానం చేయిస్తుంటే నీళ్ళు తగిలి కెవ్వున ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాక నేను కూడా ఏడ్చాను. అత్తయ్య గారు పాపని టవల్లో చుట్టి ఎత్తుకుని "కొన్నాళ్ళు గాలికి వదిలేద్దామమ్మా" అన్నారు. అదే సరైన మాట. డాక్టరు కూడా అదే చెప్పి, జింక్ ఆక్సైడ్ క్రీమ్ రాసిచ్చారు.

ఇక్కడ నేను చేసిన పొరపాట్లు వరసగా చెప్తాను, ఎందుకంటే ఒక్కోటి మంచిదనుకునే చేశాను. గుడ్డలు బిరుసెక్కాయని కండిషనర్ వేశాను. అది దారాల మీద పూతలా పట్టి, మెత్తగా అనిపిస్తుంది కానీ తడిని పీల్చుకోనివ్వదు. ఒరుపు మీద రాసిన క్రీమ్ గుడ్డకి అంటుకుంది. కోనసీమ నుంచి తెచ్చుకున్న కొబ్బరి నూనె రోజూ ఒళ్ళంతా రాసి నలుగు పెట్టేవాళ్ళం, ఆ జిడ్డూ ప్యాడ్లలోకే. అన్నిటికన్నా పెద్దది, చంటిపిల్ల గుడ్డలు కదా అని సబ్బు పొడి సగం చెంచానే వేసేదాన్ని. ఊళ్ళో అది చాలింది. బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. వేసిన కొద్ది సబ్బుని అవే మింగేసి, మురికి వదిలించడానికి ఏమీ మిగల్చవు. సబ్బు, ఉప్పు కలిసి తెల్లటి గారలా దారాల్లో పేరుకుపోతుంది. ఆ గార కింద సగం శుభ్రపడిన గుడ్డలో సూక్ష్మజీవులు నిలవ ఉంటాయి. ఉచ్చ తగలగానే అందులోని యూరియాని అమోనియాగా మార్చేస్తాయి. ఆ ఘాటు, ఆ ఒరుపు అందువల్ల.

ఇదంతా నాకు ఒకేసారి తెలియలేదు. దారి చూపింది అమ్మమ్మ. వీడియో కాల్‌లో పాప ఒరుపు చూసి నొచ్చుకుని, "మీ నీళ్ళలో కందిపప్పు ఉడుకుతోందా?" అని అడిగింది. ఉడకదు, వంటకి మంజీరా నీళ్ళే వాడతామని చెప్పాను. "పప్పు ఉడకని నీళ్ళలో గుడ్డెలా శుభ్రపడుతుందే? బట్టల సోడా వేసి ఉడకెయ్యి. మా చాకలి ఆవిడ చౌడు మట్టి కలిపి బానలో ఉడకేసేది, గుడ్డలు మల్లెపువ్వులా వచ్చేవి" అంది.

ఆ రాత్రి ఒక ప్యాడ్ తీసుకుని దాని మీద స్పూనుతో ఒక చుక్క నీళ్ళు వేశాను. తామరాకు మీద బొట్టులా నిలబడింది. ప్యాడ్‌ని వంచితే ఆ బొట్టు గుండ్రంగానే జారి అంచు దాకా వెళ్ళి నేల మీద పడింది. వెనక తడి లేదు. పక్కనే పాప ఒళ్ళు తుడిచే పంచె ముక్క మీద ఇంకో చుక్క వేస్తే పడీ పడకముందే ఇంకిపోయింది. నెల రోజులుగా మా పాపకి నేను ఏం తొడుగుతున్నానో అప్పుడు అర్థమైంది.

మర్నాడు పని మొదలుపెట్టాం. కవర్లని ఉడకెయ్యకూడదు, పూత పాడవుతుంది, ఎలాస్టిక్ వదులైపోతుంది. మైక్రోఫైబర్‌ని కూడా పక్కన పెట్టేశాను. నూలు ప్యాడ్లు మాత్రమే తీసుకున్నాం. మంజీరా నీళ్ళు వచ్చిన రోజు రెండు పెద్ద బకెట్లు పట్టి ఉంచాం. కిరాణా కొట్టులో బట్టల సోడా అని అడిగితే ఇచ్చారు. వంటసోడా వేరే, ఇది వేరే. పెద్ద స్టీలు గిన్నెలో నీళ్ళు బాగా కాచి, రెండు చెంచాల సోడా, సరిపడా సబ్బు పొడి వేసి, ప్యాడ్లు ముంచి పదిహేను నిమిషాలు సన్న సెగ మీద ఉంచి, దించి చల్లారేదాకా వదిలేశాం. సోడా చేతుల్ని కాలుస్తుంది కాబట్టి మా ఆయన గ్లౌజులు వేసుకుని కర్రతో తిప్పారు. గిన్నెలో నీళ్ళు చూస్తుండగానే బియ్యం కడిగిన కుడితిలా తెల్లబడ్డాయి, తర్వాత బూడిద రంగుకి తిరిగాయి. పైన సన్నటి జిడ్డు తెట్టు. అదంతా ఉతికి ఆరేసిన "శుభ్రమైన" ప్యాడ్లలోంచి వచ్చింది. రెండోసారి చేస్తే నీళ్ళు కాస్త తేటగా, మూడోసారికి దాదాపు మామూలుగా ఉన్నాయి. తర్వాత సోడా చుక్క కూడా మిగలకూడదని నురగ పూర్తిగా పోయేదాకా నాలుగుసార్లు జాడించాం. సాయంత్రం ఎండు ప్యాడ్ మీద చుక్క వేశాను. ఇంకింది.

ఆ తర్వాత ఉతికే పద్ధతి మార్చేశాం. తడిసిన గుడ్డని వెంటనే జాడించి, మూతలేని చిల్లుల బుట్టలో వేసేవాళ్ళం. మూసి ఉంచితే ఘాటు పెరుగుతుంది. ఒకటిన్నర రోజు కన్నా ఎక్కువ నిలవ ఉంచలేదు. మెషిన్‌లో ముందు ఒక చిన్న ఉతుకు, ఆ మురికి నీళ్ళు పోయాక అసలు ఉతుకు. సబ్బు పొడి బట్టలకి వేసినంతే, దాంతోపాటు ఒక చెంచా బట్టల సోడా. నూలు ప్యాడ్లకి 60 డిగ్రీలు, కవర్లకి 40. కండిషనర్ ఇంట్లోంచే తీసేశాం. కొబ్బరి నూనె రాసిన పూట పాత పేలికలే కట్టేవాళ్ళం, క్రీమ్ రాస్తే పైన ఒక పల్చటి గుడ్డ ముక్క పరిచేవాళ్ళం. అన్నిటికీ మించి, రెండు గంటలకొకసారి తడిసినా తడవకపోయినా మార్చడం. వారంలో ఒరుపు పూర్తిగా తగ్గింది.

ఇంటి పనికి వచ్చే ఆవిడ చేత ఈ గుడ్డలు ఉతికించలేదు. ఆవిడ అడిగింది, నెలకు కొంత ఎక్కువిస్తే చేస్తానంది. ఆవిడ సంపాదనకి అడ్డుపడ్డానా అని కూడా ఆలోచించాను. కానీ నా బిడ్డ మలాన్ని ఇంకొకరి చేత కడిగించాలంటే మనసు ఒప్పలేదు. మా ఆయనా నేనూ రోజు మార్చి రోజు చేసుకున్నాం.

ఆగస్టు వానలు ఇంకో పాఠం నేర్పాయి. బాల్కనీలో దళసరి ప్యాడ్లు రెండు రోజులైనా ఆరవు, లోపలి పొరలో తడి ఉండిపోయి ముక్కవాసన వేస్తుంది. ఫ్యాన్ కింద, ఇస్త్రీపెట్టెతో ఎన్నని ఆరబెడతాం? అప్పుడు అమ్మ వస్తూ తెచ్చిన తాతయ్య పంచె చదరాలే ఆదుకున్నాయి. ఒకే పొర కాబట్టి రాత్రి ఆరేస్తే తెల్లారేసరికి ఆరిపోయేది. దాన్నే పొడవుగా ఎనిమిది పొరల మడత పెట్టి, కవర్ లోపల పరిచి, టిచ్ బటన్లు వేస్తే అయిపోయింది. కొన్న ప్యాడ్ కన్నా ఇదే బాగా పనిచేసింది. పైన ఇప్పటి కవర్, లోపల పాత పంచె. రెండేళ్ళలో నాకు దొరికిన మంచి పద్ధతి ఇదొక్కటే, ఎవరడిగినా ఇదే చెప్తాను. పాత పంచె లేకపోతే గంజి లేని మెత్తటి నూలు గుడ్డ ఏదైనా పనికొస్తుంది.

చిన్న విషయం ఇంకోటి. పాప మొలతాడు ఈ కవర్ల నడుం ఎలాస్టిక్ కింద పడితే ఒత్తి గీత పడేది, దారం తడిసి ఆ తడి దాని వెంటే బయటికి పాకి చొక్కా తడిపేది. కొన్నాళ్ళు ఎక్కడ కారుతోందో తెలియక బటన్లు బిగిస్తూ పోయాను. తొడుగుతున్నప్పుడే మొలతాడుని ఒక వేలితో పైకి జరిపి కవర్ అంచుకి పైన ఉంచితే సరిపోయింది.

ఆరో నెలలో అన్నప్రాసన అయ్యాక పని మారుతుంది. తినే పిల్లల మలం గట్టిపడుతుంది, గుడ్డతో పాటు మెషిన్‌లో వేయలేం. ముందు టాయిలెట్‌లోకి దులిపి, జెట్‌తో కొట్టి, అప్పుడు బుట్టలో వేయాలి. ఈ దశలోనే చాలామంది మానేస్తారు. నిజానికి డిస్పోజబుల్ వాడినా మలాన్ని టాయిలెట్‌లో వేశాకే డైపర్‌ని చుట్టి పారేయాలి, కానీ మనలో అలా చేసేవాళ్ళు ఎంతమంది? 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లోనే వాడిన డైపర్లని భద్రంగా చుట్టి ఇవ్వాలని రాశారు. మా సందులోకి స్వచ్ఛ ఆటో వచ్చినప్పుడు ఒకసారి కింద నిలబడి చూశాను. ఆటో వెనక కూర్చున్న అమ్మాయి కలిపి కట్టిన సంచుల్ని చేత్తో విప్పి వేరు చేస్తోంది. ఒక సంచిలో విప్పి ఉన్న డైపర్. ఆమె ముఖం పక్కకు తిప్పుకుని దాన్ని తీసి పక్కన పెట్టింది. ఆ చెత్త చివరికి ఊరి బయట జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకి చేరేది. ఆ రోజు నుంచి ప్రయాణాలకి, రాత్రిళ్ళకి వాడిన డిస్పోజబుల్స్‌ని కడిగి, కాగితంలో చుట్టి, పైన ఎర్ర పెన్నుతో గీత పెట్టి విడిగా ఇచ్చేదాన్ని.

అవును, డిస్పోజబుల్స్ కూడా వాడాను. అమలాపురం రైల్వే లైను ఇంకా పూర్తి కాలేదు కాబట్టి మా ప్రయాణం అంటే రాజమండ్రి దాకా రైలు, అక్కడి నుంచి బస్సో కారో. అంతసేపు తడి గుడ్డల సంచీ మోయలేక ఆ రోజుల్లో అవే. పాపకి జ్వరం వస్తే అవే. పదకొండో నెలలో నేను ఆఫీసుకి వెళ్ళడం మొదలుపెట్టాక పాపని వదిలిన క్రెష్ వాళ్ళు గుడ్డవి మార్చలేమన్నారు, పగటి పూట రెండు డిస్పోజబుల్స్ ఇచ్చి పంపాను. అక్కడ పది మంది పిల్లలకి ఇద్దరు ఆయాలు, వాళ్ళని తప్పుపట్టలేను. పూర్తిగా గుడ్డలే వాడితేనే తల్లి అన్నట్టు మాట్లాడేవాళ్ళని చూస్తే మాత్రం నాకు కోపం వస్తుంది. నిద్రలేని తల్లి మీద ఇంకో బరువు పెట్టడానికి ఎవరికీ హక్కు లేదు. రోజుకు రెండు గుడ్డలు కట్టినా రెండు డైపర్లు తగ్గినట్టే.

గుడ్డ వాడితే భూమికి నిజంగా మేలా అని మా ఆయన పట్టుదలగా వెతికి చదివారు. బ్రిటన్ ప్రభుత్వ పర్యావరణ సంస్థ 2008లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఎక్కువ వేడి నీళ్ళలో ఉతికి డ్రయర్‌లో ఆరబెడితే డిస్పోజబుల్ కన్నా గుడ్డ వల్లే భూమికి ఎక్కువ భారం. మెషిన్ నిండా వేసి ఉతికి, బయట ఆరేసి, అవే రెండో బిడ్డకి కూడా వాడితే గుడ్డే చాలా నయం. ఆరేయడానికి మనకి ఎండ ఎలాగూ ఉంది.

నేను ఇష్టంగా దాచుకున్న సంగతి ఒకటుంది. అమ్మమ్మ పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, రెండు పాదాలూ దగ్గరికి చేర్చి వాటి మీద పాపని కూర్చోబెట్టేది. నిద్ర లేవగానే, పాలు తాగిన కాసేపటికి. "స్‌స్‌స్" అని నెమ్మదిగా శబ్దం చేసేది. మూడో నెల నుంచే పాప ఆ శబ్దానికి పోసేది. హైదరాబాద్‌లో నేనూ అలాగే చేశాను. పొద్దున లేవగానే ఒకసారి అలా కూర్చోబెడితే ఒక గుడ్డ మిగిలేది. పద్దెనిమిది నెలలు దాటాక పాప తడవగానే కవర్ బటన్లు పీకుతూ "అమ్మా, ఉచ్చ" అని నా కుచ్చిళ్ళు పట్టుకుని లాగేది. రెండేళ్ళ రెండు నెలలకి పగలు గుడ్డ మానేసింది. గుడ్డ వల్లే త్వరగా అలవాటైందని నేను చెప్పను, ఏ పిల్ల తీరు ఆ పిల్లది. తడి అంటే ఏమిటో దానికి మొదటి నుంచీ తెలుసు, అంతే.

పన్నెండు కవర్లలో నాలుగింటికి ఎలాస్టిక్ సాగిపోయింది. మిగతా ఎనిమిది ఉతికి, ఎండలో పెట్టి, పంచె చదరాలు పది కలిపి మూట కట్టి ఉంచాను. కిందటి నెల మా పిన్ని కూతురు గుంటూరు నుంచి ఫోన్ చేసింది. దానికి ఏడో నెల. "అక్కా, గుడ్డ డైపర్లు ఏ కంపెనీవి కొనమంటావ్?" అని అడిగింది.

"మీ ఇంట్లో వాడకానికి ఏం నీళ్ళు?" అన్నాను.

"బోరే అక్కా. గీజర్ కూడా రెండుసార్లు పాడైంది ఆ ఉప్పుకి."

"అయితే ముందు కిరాణా కొట్టుకెళ్ళి బట్టల సోడా కొనుక్కో. కవర్లు నేను పంపిస్తాను. మావయ్య గారి పాత పంచెలు మాత్రం ఎవ్వరికీ ఇవ్వొద్దని అత్తయ్య గారికి ఇవాళే చెప్పు" అన్నాను.